కోరిన పాటే పైకి రావాలంటే: ఎంపీత్రీ పాటల భండారంలో వెతుకులాటను మనకు కావలసినట్టు మలచుకోవడం

కంప్యూటర్లో కొన్ని వేల తెలుగు పాటలు పోగేసుకున్నవాళ్లు ఒకసారి ‘శంకరాభరణం’ అని వెతికి చూడండి. 1980 నాటి సినిమా పాటలు వస్తాయి. ఆ రాగంలో పాడిన కచేరీ కీర్తనలు వస్తాయి. ఎవరో కామెంటులో ఆ పేరు రాసిన సంబంధం లేని పాటలూ వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టి ఉన్న పాటలు మాత్రం రావు. విసిగిపోయి చాలామంది ప్లేయర్ మారుస్తారు, అక్కడా అదే తంతు. వెతుకులాట ఫలితం సెర్చ్ పెట్టెలో తయారవదు, ఫైలు లోపలి ట్యాగుల్లో, అంటే పాట పేరు, గాయకుడు, సినిమా లాంటి వివరాలు రాసి ఉండే చోట, తయారవుతుంది. అందుకే ఈ పనిలో ముప్పాతిక వంతు ట్యాగులతోనే. ప్రశ్న (సెర్చ్ పెట్టెలో కొట్టే ఆదేశం) రాయడం, వరుస కుదర్చడం ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ విండోస్‌లో ఉచితంగా దొరికే రెండు ప్రోగ్రాములను తీసుకుంటున్నాం: ట్యాగులు దిద్దడానికి ఎంపీత్రీట్యాగ్, వెతకడానికి, వినడానికి ఫూబార్2000. ఫీల్డ్ (ట్యాగులో ఒక్కో వివరానికి ఉండే గది) పేర్లు, ఆదేశాలు ఈ వ్యాసంలో తెలుగు లిపిలో ఉన్నా, ప్రోగ్రాంలో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. హ్యాజ్, ఈజ్, అండ్, నాట్ లాంటి ఆదేశ పదాలను ఫూబార్‌లో అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో కొట్టకపోతే వాటిని కూడా వెతకాల్సిన మాటలే అనుకుంటుంది. ‘ప్రశ్న సరిగ్గానే రాశాను, ఏమీ రాలేదు’ అనేవాళ్లలో చాలామంది తడబడేది ఇక్కడే.

మొదలుపెట్టే ముందు

ట్యాగు మార్పులు నేరుగా ఫైలులోకి వెళ్తాయి. ఎంపీత్రీట్యాగ్‌లో అన్‌డూ ఉంది గానీ ప్రోగ్రాం మూసేస్తే ఆ సౌకర్యం పోతుంది. కాబట్టి మొత్తం ఫోల్డరును వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోండి. ఆ తర్వాత 20 పాటలను విడిగా ఒక ఫోల్డరులో వేసి, కింద చెప్పే ప్రతి అడుగునూ ముందు వాటి మీద నడిపి చూడండి.

ఫూబార్‌లో ఫైల్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి, మీడియా లైబ్రరీ పేజీలో పాటల ఫోల్డరును చేర్చండి. డౌన్‌లోడ్స్ ఫోల్డరును చేర్చకండి. సగం దిగిన ఫైళ్లు, వాట్సాప్ ఆడియోలు అన్నీ లైబ్రరీలోకి వచ్చిపడతాయి.

చెత్తను గుర్తుపట్టడం

ఎంపీత్రీట్యాగ్‌లో ఫోల్డరు తెరిచి ఎఫ్3 నొక్కితే కింద ఫిల్టర్ పెట్టె వస్తుంది. ‘కంపోజర్ అబ్సెంట్’ అని కొట్టండి, సంగీత దర్శకుడి పేరు లేని పాటలన్నీ విడిగా కనిపిస్తాయి. ఇదే పని ఫూబార్‌లో చేయాలంటే మాట ‘మిస్సింగ్’. రెండు ప్రోగ్రాముల ఆదేశాలూ చాలావరకు ఒకటే అయినా ఇక్కడ తేడా ఉంది.

పాడైన తెలుగు మూడు రకాలుగా కనిపిస్తుంది, ఒక్కోదానికి ఒక్కో వైద్యం. వరుసగా ప్రశ్నార్థకాలు మాత్రమే ఉంటే, తెలుగు అక్షరాలను పట్టుకోలేని పాత పద్ధతిలో ఎవరో సేవ్ చేశారని అర్థం. అసలు అక్షరాలు అప్పుడే పోయాయి, మళ్లీ టైప్ చేయడమే దారి. తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు జంటగా పదే పదే కనిపిస్తుంటే అది పోయిన తెలుగు కాదు, తప్పుగా చదివిన తెలుగు. యూటీఎఫ్-8 అనే అక్షరాలు దాచే పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు. వాటిని మూడు వేర్వేరు అక్షరాలుగా చదివితే ఆ రూపం వస్తుంది. కోడ్‌పేజీ (బైట్లను ఏ అక్షరాలుగా చదవాలో చెప్పే పట్టిక) సరిచేసే సాధనాలతో దాన్ని చాలావరకు వెనక్కి రాబట్టవచ్చు. మూడోది అను వంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన మాట. ఆ ఫాంటు లేకుండా చూస్తే చిత్రవిచిత్రమైన గుర్తులు కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, వచ్చినదాన్ని కళ్లతో ఒకసారి దిద్దుకోవాలి.

మళ్లీ ఈ తిప్పలు రాకుండా ఎంపీత్రీట్యాగ్ ఆప్షన్లలో ట్యాగ్స్, ఎంపెగ్ పేజీకి వెళ్లి, రాసేది ఐడీ3 (ఎంపీత్రీ ఫైళ్లలో ట్యాగులు రాసే పద్ధతి) రెండో తరం ట్యాగు, యూటీఎఫ్-16 లేదా యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకోండి. మొదటి తరం ఐడీ3 ట్యాగు ఫైలు చివర ఉండే 128 బైట్ల ముక్క. పాట పేరుకు 30 బైట్లు, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30. తెలుగు దానిలో కూర్చోదు. పాత ఫైళ్లలో రెండు తరాల ట్యాగులూ ఉండి, ఒక ప్లేయరు ఒకదాన్ని, మరో ప్లేయరు ఇంకోదాన్ని చదవడం వల్లే ‘ఇక్కడ తెలుగులో, అక్కడ సగం తెగిన ఇంగ్లిష్‌లో’ అనే గొడవ వస్తుంది. మొదటి తరం ట్యాగును తీసేయడమే మేలు.

పాటలు దించిన సైట్ల పేర్లు టైటిల్ చివర తగిలించి ఉంటాయి కదా, వాటిని ఎంపీత్రీట్యాగ్‌లో ఎంచుకున్న పాటలన్నిటికీ ఒకేసారి వర్తించే ‘రీప్లేస్’ యాక్షన్‌తో తీసేయండి. సైటు పేరును ఉన్నదున్నట్టు కాపీ చేసి పై పెట్టెలో, కింది పెట్టె ఖాళీగా. గీత తర్వాత ఉన్నదంతా కోసేసే, నమూనాను బట్టి అక్షరాలను పట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయాలని మనసు లాగుతుంది గానీ, టైటిల్లోనే గీత ఉన్న పాటలకు అది కత్తెర వేస్తుంది.

ఏ ఫీల్డులో ఏం రాయాలి

టైటిల్, ఆర్టిస్ట్, ఆల్బమ్ అన్న మూడు ఫీల్డులు పాశ్చాత్య ఆల్బములకు సరిపోతాయి. తెలుగు పాటను మనం సినిమా, గాయకుడు, సంగీత దర్శకుడు, రచయిత పేర్లతో వెతుకుతాం. కీర్తన అయితే రాగం, వాగ్గేయకారుడు. ప్రతిదానికీ ఒక గది కావాలి.

ఆర్టిస్ట్‌లో పాడినవాళ్లు మాత్రమే. కంపోజర్‌లో సంగీత దర్శకుడు. లిరిసిస్ట్‌లో రచయిత. ఆల్బమ్‌లో సినిమా పేరు. డేట్‌లో సినిమా విడుదలైన సంవత్సరం నాలుగు అంకెల్లో, అంతే. ‘హిట్స్ ఆఫ్’ రకం సీడీ నుంచి ఎక్కించిన పాటకు ఆల్బమ్‌గా సీడీ పేరు, సంవత్సరంగా సీడీ వచ్చిన ఏడాది ఉంటాయి. 1950ల పాట 2004 కింద పడిపోతుంది. సీడీ పేరు పోకూడదనుకుంటే దానికి విడిగా ఒక సొంత ఫీల్డు పెట్టండి, ఆల్బమ్‌లో మాత్రం సినిమా పేరే ఉండాలి.

ఈ గదులు వేరు చేయడం ఎంత అవసరమో చెప్పడానికి ఘంటసాల ఒక్కరు చాలు. 1963 నాటి లవకుశకు సంగీతం ఆయనదే, కానీ అందులో లవకుశుల పాటలు పాడింది లీల, సుశీల. ఆర్టిస్ట్ ఫీల్డులో ‘మ్యూజిక్: ఘంటసాల’ అని కూడా కలిపి రాసి ఉంటే, ఘంటసాల పాడిన పాటలు అడిగినప్పుడు ఆయన గొంతు లేని పాటలు వస్తాయి. ఆయన స్వరపరచినవి అడిగితే ఇతరుల బాణీలో ఆయన పాడినవి వస్తాయి.

సినిమా పేరు పక్కన సంవత్సరం కూడా ఆల్బమ్‌లోనే రాయండి: ‘లవకుశ (1963)’, ‘దేవదాసు (1953)’. లవకుశ 1934లో కూడా ఉంది. దేవదాసు 2006లో మళ్లీ వచ్చింది. సంవత్సరం లేకపోతే ప్లేయరు రెండు సినిమాల పాటలనూ ఒకే ఆల్బమ్‌గా కలిపి, ఒకదాని అట్టబొమ్మను రెండోదానికి తగిలిస్తుంది.

రాగానికి ముందే కట్టిన ఫీల్డు లేదు, మనమే సృష్టించుకోవాలి. ఎంపీత్రీట్యాగ్‌లో పాటలు ఎంచుకొని ఆల్ట్, టీ నొక్కితే ఎక్స్‌టెండెడ్ ట్యాగ్స్ కిటికీ వస్తుంది. యాడ్ ఫీల్డ్ నొక్కి పేరు ‘రాగ’, విలువ ‘హిందోళం’. అదే కిటికీలో చాలా పాటలు ఒకేసారి తెరిచినప్పుడు, ఒక్కో పాటకు ఒక్కో విలువ ఉన్న ఫీల్డు దగ్గర ‘కీప్’ అని కోణాకార బ్రాకెట్లలో కనిపిస్తుంది. దాని మీద ఏదైనా టైప్ చేస్తే ఎంచుకున్న పాటలన్నిటిలో అదే పడుతుంది. ఒక్క కీ నొక్కుతో మూడు వందల పాటల టైటిళ్లు ఒకటైపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఎంపీత్రీట్యాగ్‌లో ఒక పేరుతో రాసిన ఫీల్డు ఫూబార్‌లో ఇంకో పేరుతో కనిపించే సందర్భాలు ఉన్నాయి. ఫూబార్‌లో ఆ పాటపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. అక్కడ ఏ పేరు కనిపిస్తే ప్రశ్నలో ఆ పేరే రాయాలి.

యుగళగీతాల చిక్కు

‘ఘంటసాల, పి. లీల’ అని కామాతో రాసి ఉంటే ప్లేయరు దాన్ని ఒకే మనిషి పేరుగా చూస్తుంది. గాయకుల జాబితాలో ఘంటసాల ఒక వరుస, ‘ఘంటసాల, పి. లీల’ ఇంకో వరుస, ‘పి. లీల & ఘంటసాల’ మూడో వరుస. ప్రతి గాయకుడూ విడి విలువగా ఉండాలి. ఎంపీత్రీట్యాగ్‌లో ‘స్ప్లిట్ ఫీల్డ్ బై సెపరేటర్’ అనే యాక్షన్ ఉంది: ఫీల్డుగా ఆర్టిస్ట్, సెపరేటర్‌గా కామా, ఆ వెంట ఒక ఖాళీ. ఫూబార్ ప్రాపర్టీస్‌లో అయితే పేర్ల మధ్య సెమికోలన్ పెడితే చాలు. ‘పి. లీల, బృందం’ ఉన్నచోట బృందం కూడా ఒక గాయకుడైపోతుంది. ముందుగా ఆ మాటను తీసేసి, కావాలంటే కామెంట్‌లో ఉంచండి.

ఒక జాగ్రత్త. ఒకే ఫీల్డులో అనేక విలువలకు సరైన ఏర్పాటు ఐడీ3 రెండో తరంలోని 2.4లో ఉంది. 2.3లో వాటి మధ్య ఏటవాలు గీతే అధికారిక పద్ధతి. కానీ పాత కారు స్టీరియోలు కొన్ని 2.4ను అసలు చదవవు. కంప్యూటర్లోని భండారానికి 2.4, కారు పెన్‌డ్రైవుకు విడిగా 2.3లో తీసిన కాపీ అనుకుంటే పేచీ ఉండదు.

పేర్లకు ఒక పట్టిక

నోట్‌ప్యాడ్‌లో ఒక ఫైలు తెరిచి, ఒక్కో కళాకారుడికి ఒక వరుస రాయండి. ముందు మీరు స్థిరపరచుకున్న రూపం, తర్వాత మారుపేర్లు:

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం = బాలు, ఎస్పీ బాలు, ఎస్పీబీ, బాలసుబ్రమణ్యం
కె.జె. ఏసుదాస్ = జేసుదాస్, జేసుదాసు, యేసుదాస్

ఇంటి పేరు అక్షరాల తర్వాత చుక్క పెట్టాలా, చుక్క తర్వాత ఖాళీ వదలాలా అన్నది మీ ఇష్టం. అన్నిచోట్లా ఒకటే ఉంటే చాలు. ‘ఎస్.పి.’ అని కురచగా వెతికే అలవాటు మానుకోవాలి, చరణ్, శైలజ కూడా ఆ ఇంటి పేరుతోనే ఉన్నారు.

రాగాల పేర్లకు ఇలాంటి పట్టికే ఇంకా ముఖ్యం. కల్యాణి, కళ్యాణి రెండూ వాడుకలో ఉన్నాయి, మోహన, మోహనం రెండూ ఉన్నాయి. ఒకటి ఎంచుకొని మిగతావి మార్చేయండి.

కంటికి కనిపించని శత్రువు ఒకటుంది. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత, అక్షరాలు అతుక్కోకుండా ఆపే గుర్తు ఒకటి పెడతాయి. మాట మధ్యలో అయితే దాని పని కనిపిస్తుంది: రాజ్‌కుమార్ అన్నప్పుడు ‘జ్క’ వత్తుగా మారకుండా ఆపేది అదే. మాట చివర మాత్రం కనిపించదు. ‘ఏసుదాస్’ రెండు రకాలుగా ఉంటుంది, చూడటానికి అచ్చం ఒకటే, జాబితాలో మాత్రం రెండు వరుసలు. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. ఆ పాటలన్నీ ఎంచుకొని పట్టికలోని రూపాన్ని ఒకేసారి అతికించేయడం తేలిక మార్గం. భండారం మొత్తం మీద ఆ గుర్తును తుడిచేయకండి, టైటిళ్లలోని మాటలు వికారంగా అతుక్కుంటాయి.

వెతుకుమాటల ఫీల్డు

పైన కనిపించే పేరు తెలుగులో శుభ్రంగా ఉండాలి, అదే సమయంలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా కొట్టినా పాట దొరకాలి. రెండూ ఒకే ఫీల్డులో కుదరవు. అందుకే ‘సెర్చ్‌కీ’ అని మరో సొంత ఫీల్డు సృష్టించండి. అది తెరమీద ఎక్కడా చూపించం, వెతకడానికే.

అందులో వేయాల్సినవి: పల్లవి మొదటి మూడు నాలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో, రెండు స్పెల్లింగులతో. దీర్ఘానికి ఒక ‘ఏ’ పెట్టేవాళ్లు, రెండు పెట్టేవాళ్లు, ‘త’కు ‘టీ’ రాసేవాళ్లు, ‘టీహెచ్’ రాసేవాళ్లు ఒకే ఇంట్లో ఉంటారు. రెండు కొసలూ పెడితే సరిపోతుంది, ప్రతి కలయికా అక్కర్లేదు. చరణం మొదటి రెండు మాటలు కూడా వేయండి. పల్లవి మర్చిపోయి చరణం కూనిరాగం తీసేవాళ్లు తక్కువేం కాదు. తర్వాత గాయకుల మారుపేర్లు పట్టిక నుంచి. ఇది పాట పాటకూ టైప్ చేయనక్కర్లేదు: ఫిల్టర్‌లో ‘ఆర్టిస్ట్ హ్యాజ్ బాలసుబ్రహ్మణ్యం’ అని కొట్టి, వచ్చినవన్నీ ఎంచుకొని, ‘ఫార్మాట్ వాల్యూ’ యాక్షన్‌లో సెర్చ్‌కీ ఫీల్డుకు ఇలా ఇవ్వండి:

%సెర్చ్‌కీ% బాలు ఎస్పీబీ

ముందున్న %సెర్చ్‌కీ% మర్చిపోతే అంతకుముందు రాసిన వెతుకుమాటలన్నీ చెరిగిపోతాయి. అదే యాక్షన్‌ను రెండుసార్లు నడిపితే మాటలు రెండుసార్లు పడతాయి. వెతుకులాటకు దానివల్ల నష్టం లేదు.

ప్రశ్న రాయడం

ఫూబార్‌లో లైబ్రరీ మెనూలోని సెర్చ్ తెరవండి. ‘హ్యాజ్’ అంటే ఆ ఫీల్డులో ఎక్కడున్నా సరే, ‘ఈజ్’ అంటే అచ్చంగా అదే. రాగాల దగ్గర ఈ తేడా ప్రాణం. ‘రాగ హ్యాజ్ కల్యాణి’ అంటే పూర్వికల్యాణి, యమునాకల్యాణి, మోహనకల్యాణి అన్నీ వస్తాయి, అవి వేరే రాగాలు. ‘రాగ ఈజ్ కల్యాణి’ అంటే కల్యాణి ఒక్కటే. మొదట్లో చెప్పిన శంకరాభరణం చిక్కు కూడా ఇలాగే విడిపోతుంది:

రాగ ఈజ్ శంకరాభరణం
ఆల్బమ్ హ్యాజ్ శంకరాభరణం

మొదటిది రాగం, రెండోది సినిమా. కచేరీ రికార్డింగులు కొన్నిటిలో ధీరశంకరాభరణం అని పూర్తి పేరు ఉంటుంది, దాన్ని పట్టికలోకి ఎక్కించి ఒకే రూపానికి తెచ్చుకోండి.

ఘంటసాల స్వరపరచి ఇతరులు పాడినవి కావాలంటే:

కంపోజర్ ఈజ్ ఘంటసాల అండ్ నాట్ ఆర్టిస్ట్ ఈజ్ ఘంటసాల

ఫీల్డు పేరుకు రెండువైపులా పర్సెంట్ గుర్తులు పెట్టకుండా రాశామని గమనించండి. అలా రాస్తే యుగళగీతంలో ఒక్కో గాయకుడినీ విడిగా పోల్చి చూస్తుంది. పర్సెంట్ గుర్తులతో రాస్తే పేర్లన్నీ కలిపిన ఒకే వాక్యంతో పోలుస్తుంది, ‘ఈజ్’ విఫలమవుతుంది.

1950ల, 60ల పాటలు:

డేట్ గ్రేటర్ 1949 అండ్ డేట్ లెస్ 1970

అండ్, ఆర్ రెండూ ఒకే ప్రశ్నలో వస్తే బ్రాకెట్లు తప్పనిసరి అనుకోండి. ‘(ఆర్టిస్ట్ హ్యాజ్ లీల ఆర్ ఆర్టిస్ట్ హ్యాజ్ సుశీల) అండ్ డేట్ లెస్ 1970’ అని రాయకపోతే సంవత్సరం షరతు ఎవరికి వర్తిస్తుందో మీ ఊహకు అందదు.

ఏదీ సరిగ్గా గుర్తులేనప్పుడు ఫీల్డు పేరు స్థానంలో నక్షత్రం గుర్తు: ‘* హ్యాజ్ వెన్నెల’. అన్ని ఫీల్డుల్లోనూ వెతుకుతుంది. పాట సాహిత్యాన్ని కూడా ట్యాగులో ఎక్కించి ఉంటే వెన్నెల అన్న మాట ఉన్న ప్రతి పాటా వచ్చి పడుతుంది. రోజువారీ వాడకానికి ‘టైటిల్ హ్యాజ్ … ఆర్ సెర్చ్‌కీ హ్యాజ్ …’ మేలు.

వరుస, కనిపించే తీరు

ప్రశ్న చివర ‘సార్ట్ బై డేట్’ అంటే పాత సినిమా ముందు. ‘సార్ట్ డిసెండింగ్ బై డేట్’ అంటే కొత్తది ముందు. రెండు మూడు అంచెలు కావాలంటే కోట్స్‌లో:

సార్ట్ బై "%డేట్% %ఆల్బమ్% %టైటిల్%"

ఇంగ్లిష్ అక్షరాల టైటిళ్లన్నీ పైన, తెలుగువన్నీ కింద గుంపులుగా వస్తాయి. ప్రోగ్రాం తప్పు కాదది. కలిపి వరుసలో రావాలంటే టైటిళ్లన్నీ ఒకే లిపిలోకి తేవాల్సిందే.

ఒకే పాటకు నాలుగు కాపీలు ఉంటే మంచిది పైకి రావాలని, బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) ఎక్కువున్నది ముందు వచ్చేలా ‘సార్ట్ డిసెండింగ్ బై %బిట్‌రేట్%’ పెడతారు. మూడు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో దాదాపు 2.9 ఎంబీ, 320లో 7.2 ఎంబీ. కానీ 128ని తిరిగి 320గా మార్చిన ఫైళ్లు చలామణిలో బోలెడు, పరిమాణం పెరిగిందే తప్ప ధ్వని పెరగలేదు. స్పెక్ట్రమ్ (ఏ స్థాయి శబ్దాలు ఎంతున్నాయో చూపే బొమ్మ) చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కోసినట్టు ఆగిపోయినవి చాలావరకు అలాంటివే. 1950ల రికార్డింగుల మీద ఈ పరీక్ష పనిచేయదు. అసలు రికార్డులోనే ఆ పై శబ్దాలు లేవు, ఎంత మంచి కాపీ అయినా ఖాళీగానే కనిపిస్తుంది. వాటికి చెవే గతి.

ఫలితాల్లో రాగం, సంగీత దర్శకుడు నిలువు వరుసలుగా కనిపించాలంటే ప్రిఫరెన్సెస్‌లో డిస్‌ప్లే, డీఫాల్ట్ యూజర్ ఇంటర్‌ఫేస్, ప్లేలిస్ట్ వ్యూ. కస్టమ్ కాలమ్స్‌లో కొత్తది చేర్చి, పేరు ‘రాగం’, ప్యాటర్న్ ‘%రాగ%’. తెలుగు అక్షరాలు గిడసబారినట్టు కనిపిస్తే ఫాంటును నిర్మలా యూఐకి మార్చండి.

సంగీత దర్శకుడి కింద సినిమాలు, వాటి కింద పాటలు చెట్టుకొమ్మల్లా రావాలంటే ఆల్బమ్ లిస్ట్ వ్యూస్‌లో ఈ వరుస చేర్చండి:

%<కంపోజర్>%|%ఆల్బమ్%|%టైటిల్%

నిలువు గీత ఒక్కో అంచెను విడదీస్తుంది. కోణాకార బ్రాకెట్లు లేకపోతే జంట సంగీత దర్శకులు ఒకే పేరుగా కలిసిపోతారు.

ప్రశ్నను దాచుకోవడం, ఫోనుకు తీసుకెళ్లడం

సెర్చ్ కిటికీలోని మెనూ నుంచి ఆటోప్లేలిస్ట్ సృష్టిస్తే ప్రశ్న నిలిచిపోతుంది. రేపు చేర్చిన పాట షరతుకు సరిపోతే దానంతటదే అందులోకి వస్తుంది. ‘కంపోజర్ మిస్సింగ్ ఆర్ డేట్ మిస్సింగ్’ అన్నది కూడా ఒక ఆటోప్లేలిస్ట్‌గా పెట్టుకోండి. కొత్తగా దించిన పాటల్లో పని మిగిలినవి అక్కడ పోగవుతాయి.

ఫోనులోని ప్లేయర్లు చాలావరకు టైటిల్, ఆర్టిస్ట్, ఆల్బమ్ తప్ప చూడవు. సెర్చ్‌కీ, రాగ అక్కడ పనికిరావు. అందుకని ఆటోప్లేలిస్టును ఎం3యూ8 అనే ప్లేలిస్ట్ ఫైలుగా సేవ్ చేసి పాటలతో పాటు పంపండి. ఆ రకమే ఎందుకంటే అది యూటీఎఫ్-8, తెలుగు పేర్లు చెడవు. పంపే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ప్రతి వరుసా డ్రైవు అక్షరంతో మొదలైతే ఫోనుకు ఆ దారి తెలియదు, ఆ భాగాన్ని రీప్లేస్ చేసి తీసేయాలి.

ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచడమే మంచిది. లినక్స్ ఆధారిత పరికరాల్లో ఫైలు పేరుకు 255 బైట్లే పరిమితి. తెలుగులో గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే, ఒక్కోదానికి మూడు బైట్లు. అంటే ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 255 బైట్లలో సరిపోవాలంటే తెలుగు సంకేతాలు 83కు మించకూడదు. సినిమా, పల్లవి, గాయకులు అన్నీ ఫైలు పేరులో కుక్కితే ఆ గీత ఇట్టే దాటుతుంది, కాపీ మధ్యలో ఆగిపోతుంది. ట్యాగుల్లో ఆ పరిమితి లేదు, తెలుగు అక్కడ ఎంతైనా రాసుకోవచ్చు.